పైకి వెళ్లేకొద్దీ ‘జి’ (గురుత్వ త్వరణం) ఎంత తగ్గుతుంది? ఏ సూత్రం ఎంత ఎత్తు దాకా నమ్మొచ్చు?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్ రాస్తోంది. ఏదైనా గ్రహం మీద నుంచి బంతిని నిట్టనిలువుగా విసిరితే ఎంత ఎత్తుకు వెళ్తుందో చూపించాలి. పుస్తకంలో ఉన్న ‘జి × (1 – 2హెచ్/ఆర్)’ సూత్రం వాడింది. వేగం బాగా పెంచితే, ఒక ఎత్తు దాటాక గ్రహమే బంతిని బయటికి నెడుతున్నట్టు ఎగిరిపోతోంది. తప్పు సూత్రానిదా, ప్రోగ్రామ్‌దా? ఇంకొకటి: అంతరిక్ష కేంద్రంలో మనుషులు తేలుతుంటారు కదా, అంటే 400 కిలోమీటర్ల ఎత్తులో జి సున్నా కావాలి. లెక్క వేస్తే 8.7 వస్తోంది. ఏది నిజం? ఈ తగ్గుదలను కొండ మీదికి లోలకం గడియారం తీసుకెళ్లి మేమే కొలవగలమా?

సమాధానం: మీ అమ్మాయి ప్రోగ్రామ్ సరిగ్గానే నడుస్తోంది. ఆ సూత్రం పనిచేయని ఎత్తుల్లో దాన్ని వాడటం వల్లే బంతి అలా ఎగిరిపోతోంది. సూత్రానికి ఒక హద్దు ఉందని పుస్తకాలు ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాయి, పిల్లలు ఆ ముక్కను దాటేస్తారు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఒక దీపం వెలుగు దూరం వెళ్లేకొద్దీ పెద్ద పెద్ద గోళాల మీద పరుచుకుంటుంది. దూరం రెట్టింపైతే గోళం వైశాల్యం నాలుగింతలవుతుంది, వెలుగు నాలుగో వంతుకు పలచబడుతుంది. గురుత్వాకర్షణ తగ్గే తీరూ ఇదే. అయితే ఆ దూరాన్ని గ్రహం కేంద్రం నుంచి కొలవాలి. గుండ్రటి గ్రహం బయట ఉన్న వస్తువును, ఆ గ్రహం ద్రవ్యరాశి మొత్తం కేంద్రంలోనే పోగుపడి ఉన్నట్టుగానే లాగుతుంది. అందుకే నేల మీద నిలబడ్డ మనం అప్పటికే భూకేంద్రానికి 6,371 కి.మీ. దూరంలో ఉన్నాం. 10 కి.మీ. పైకెళ్తే ఆ దూరం 6,381 అవుతుంది. మారింది ఎంతో తక్కువ, కాబట్టి జి కూడా పెద్దగా తగ్గదు.

అసలు సూత్రం ఇది: ఒక ఎత్తులో జి = నేల మీద జి × (ఆర్ ÷ (ఆర్ + హెచ్))². ఇందులో ఆర్ గ్రహం వ్యాసార్ధం, హెచ్ నేల నుంచి ఎత్తు. ఏ ఎత్తుకైనా ఇది పనిచేస్తుంది. దీన్ని ద్విపద విస్తరణతో విప్పితే 1 – 2హెచ్/ఆర్ + 3(హెచ్/ఆర్)² – 4(హెచ్/ఆర్)³ అంటూ సాగుతుంది. మొదటి రెండు పదాలు ఉంచుకుని మిగతావి కొట్టేస్తే మీ పుస్తకంలోని సూత్రం వస్తుంది. హెచ్ చిన్నదైనప్పుడు కొట్టేసిన పదాలు లెక్కలోకి రావు. 100 కి.మీ. ఎత్తులో అసలు సూత్రం 0.9693 రెట్లు అంటుంది, ఉజ్జాయింపు 0.9686 అంటుంది. పర్వాలేదు. 400 కి.మీ. దగ్గర 0.885, 0.874, అంటే విలువలో ఒక శాతానికి పైగా తేడా వచ్చేసింది. ఇక హెచ్ వ్యాసార్ధంలో సగానికి చేరేసరికి, భూమికైతే 3,186 కి.మీ. దగ్గర, ఉజ్జాయింపు సూత్రం జి సున్నా అంటుంది. నిజానికి అక్కడ నేల మీది జిలో తొమ్మిదింట నాలుగు వంతులు, అంటే 4.36 మీ/సె² మిగిలే ఉంటుంది. ఆ ఎత్తు దాటాక ఉజ్జాయింపు రుణ విలువలిస్తుంది. మీరు చూసిన ‘బయటికి నెట్టడం’ అదే. నిజమైన గురుత్వాకర్షణ ఏ ఎత్తులోనూ దిశ మార్చుకోదు.

ఆ వేగం ఎంతో కూడా లెక్కగట్టొచ్చు. భూమి మీద నుంచి సెకనుకు 5.6 కి.మీ. దాటి విసిరితే మీ ప్రోగ్రామ్‌లో బంతి ఇక తిరిగి రాదు. నిజంగా అయితే, గాలి లేదనుకుంటే, అదే వేగంతో వెళ్లిన బంతి 2,124 కి.మీ. దాకా ఎక్కి వెనక్కి పడుతుంది. భూమిని వదిలిపోవాలంటే సెకనుకు 11.2 కి.మీ. కావాలి. మీ ప్రోగ్రామ్ చెబుతున్న పలాయన వేగం సరిగ్గా దానిలో సగం. ఈ పోలికను మీ అమ్మాయితో కాగితం మీద ఒకసారి చేయించండి. ఉజ్జాయింపు ఎక్కడ చెడుతుందో మనసుకు పట్టడానికి ఇంతకంటే మంచి లెక్క దొరకదు.

పరీక్ష లెక్కల్లోనూ ఇదే గోతిలో పడతారు. ‘జి ఒక శాతం తగ్గే ఎత్తెంత?’ అంటే ఉజ్జాయింపు 31.9 కి.మీ. ఇస్తుంది, అసలు సూత్రం 32.1. ఏది రాసినా ఒకటే. ‘జి సగమయ్యే ఎత్తెంత?’ అని అడిగినప్పుడు ఉజ్జాయింపు వాడితే ఆర్‌లో నాలుగో వంతు, 1,593 కి.మీ. అని వస్తుంది. అది పూర్తిగా తప్పు. సరైన జవాబు ఆర్ × (√2 – 1), అంటే 2,639 కి.మీ. ఒక మంచి అలవాటు చెబుతాను: ముందు హెచ్/ఆర్ ఎంతో చూడండి. అది నూటికి ఒకటి లోపు ఉంటే ఉజ్జాయింపు వాడండి. దాటితే అసలు సూత్రానికే వెళ్లండి. ఈ రోజుల్లో కాలిక్యులేటర్ చేతిలో ఉండగా అసలు సూత్రం వాడటం కష్టమేమీ కాదు.

ఇప్పుడు అంతరిక్ష కేంద్రం సంగతి. 8.7 అన్న మీ లెక్కే నిజం. 400 కి.మీ. ఎత్తులో భూమి పట్టు 11.5 శాతమే తగ్గుతుంది. అంత ఎత్తున్న స్తంభం కట్టి దాని మీద స్ప్రింగ్ త్రాసు పెడితే, నేల మీద 60 కిలోలు చూపే మనిషికి అక్కడ సుమారు 53 కిలోలు చూపిస్తుంది. మరి వ్యోమగాములు ఎందుకు తేలుతున్నారు? వాళ్లూ, వాళ్ల కింది నేలా, చేతిలోని పెన్నూ అన్నీ ఒకే త్వరణంతో పడుతూనే ఉన్నాయి కాబట్టి. ఒక్క సెకనును తీసుకుని చూడండి. అంతరిక్ష కేంద్రం ఆ సెకనులో 7.67 కి.మీ. ముందుకు సాగుతుంది. అదే సెకనులో భూమి వైపు 8.69 ÷ 2, అంటే 4.34 మీటర్లు పడుతుంది. 7.67 కి.మీ. తిన్నగా సాగితే దాని వృత్తాకార కక్ష్య వంపు ఎంత కిందికి జారుతుందో లెక్కవేయండి: 7.67 వర్గాన్ని 6,771 (భూకేంద్రం నుంచి దూరం, 6,371 + 400) రెట్టింపుతో భాగిస్తే మళ్లీ 4.34 మీటర్లే వస్తుంది. పడినంతా వంపుకే సరిపోయింది, ఎత్తు తగ్గలేదు. అక్కడ నిజంగానే జి సున్నా అయితే కేంద్రం తిన్నగా వెళ్లిపోయేది, తిరిగి రావడానికి దాన్ని వంచే బలమే ఉండేది కాదు.

ఇంకా దూరంగా వెళ్దాం. భూస్థిర ఉపగ్రహాలుండే 35,786 కి.మీ. ఎత్తులో జి 0.22 మీ/సె². చంద్రుడి దూరం భూమి వ్యాసార్ధానికి దాదాపు 60 రెట్లు, అందుకని అక్కడ భూమి పట్టు 3,600వ వంతు: 0.0027. చంద్రుడి కక్ష్య వ్యాసార్ధం 3,84,400 కి.మీ., ఒక చుట్టుకు పట్టేది 27.32 రోజులు. ఈ రెండు అంకెల నుంచి వృత్తాకార చలనపు త్వరణం కట్టినా 0.0027 వస్తుంది. న్యూటన్ తన నియమాన్ని సరిచూసుకున్నది ఈ లెక్కతోనే. మీ అమ్మాయి కూడా చేయొచ్చు, ఐదు నిమిషాల పని.

గ్రహం మారితే ఏమవుతుందన్నది ఆమె ప్రోగ్రామ్‌కు ముఖ్యం. తగ్గుదల శాతాన్ని నిర్ణయించేది హెచ్/ఆర్ నిష్పత్తి ఒక్కటే, నేల మీద జి ఎంతన్నది కాదు. ఒకే 400 కి.మీ. ఎత్తుకు భూమి దగ్గర 11.5 శాతం తగ్గితే, అంగారకుడి దగ్గర 20 శాతం, చంద్రుడి దగ్గర 34 శాతం తగ్గుతుంది. గురుగ్రహానికైతే 1.1 శాతమే. సీరీస్ లాంటి మరుగుజ్జు గ్రహానికి వ్యాసార్ధమే సుమారు 470 కి.మీ.; అక్కడ 400 కి.మీ. పైకెళ్తే జిలో మూడో వంతు కూడా మిగలదు. గురుగ్రహానికి గట్టి నేల లేదు కాబట్టి, వాయుపీడనం ఒక బార్ ఉండే మట్టాన్ని ఉపరితలంగా తీసుకుంటారు. ప్రోగ్రామ్‌లో ఈ మాట రాసి ఉంచితే చూసేవాళ్లకు అయోమయం ఉండదు.

ప్రోగ్రామ్‌లో మార్చాల్సినవి చెబుతాను. ఎత్తును దాచుకునే చరరాశిని తీసేసి, కేంద్రం నుంచి దూరాన్నే ఉంచండి. తెర మీద చూపేటప్పుడు మాత్రం వ్యాసార్ధం తీసేస్తే చాలు. విశ్వ గురుత్వ స్థిరాంకాన్నీ, గ్రహం ద్రవ్యరాశినీ విడివిడిగా పెట్టి గుణించొద్దు. ఆ రెండింటి లబ్ధాన్ని మ్యూ అంటారు, దాన్నే నేరుగా వాడండి. కారణం ఉంది. విశ్వ స్థిరాంకం విలువ లక్షకు రెండు వంతుల అనిశ్చితితోనే తెలుసు. మ్యూ అయితే ఉపగ్రహాల కదలికల నుంచి అంతకు ఎన్నో రెట్లు కచ్చితంగా తెలుసు. భూమికి మ్యూ 3,98,600.44, చంద్రుడికి 4,902.8, అంగారకుడికి 42,828, ప్రమాణం కి.మీ.³/సె². త్వరణం అంటే మ్యూను దూరం వర్గంతో భాగించడమే. దూరం కిలోమీటర్లలో ఇస్తే జవాబు కి.మీ./సె²లో వస్తుంది. భూమికి 0.00982 వచ్చిందని కంగారు పడొద్దు, వెయ్యితో గుణించండి. ఎక్కువ మంది ప్రోగ్రామ్‌లు తప్పే చోటు ఇదే. అంగారకుడి సగటు వ్యాసార్ధం 3,389.5 కి.మీ. పెడితే 3.73 వస్తుంది. పట్టికల్లో కనిపించే 3.71 కావాలంటే మధ్యరేఖ దగ్గరి 3,396 కి.మీ. వ్యాసార్ధం పెట్టాలి. రెండూ తప్పు కాదు.

బంతిని వాలుగా విసిరే రకం కూడా చేస్తే మూడు దిశల త్వరణాలు కావాలి. అప్పుడు స్థాన సదిశను దూరం ఘనంతో భాగించాలి, వర్గంతో కాదు. వర్గం పెడితే గురుత్వాకర్షణ దూరంతో పాటు ఒకటో ఘాతంలోనే తగ్గి, కక్ష్యలు మూసుకోకుండా పువ్వు రేకుల్లా తిరుగుతాయి. ప్రతి అడుగులో (ప్రోగ్రామ్ లెక్క ముందుకు జరిగే ప్రతి చిన్న కాలవ్యవధిలో) ముందు వేగాన్ని సవరించి, ఆ కొత్త వేగంతో స్థానాన్ని సవరించండి. పాత వేగంతోనే స్థానాన్ని, పాత స్థానం దగ్గరి త్వరణంతోనే వేగాన్ని సవరిస్తే శక్తి నెమ్మదిగా పెరిగిపోతూ బంతి ప్రతి చుట్టుకూ దూరం జరుగుతుంది. బంతి దూరం గ్రహం వ్యాసార్ధం కంటే తగ్గగానే లెక్క ఆపేయండి. ఆపకపోతే బంతి నేలలోకి దూరి కేంద్రం దగ్గరికి వెళ్తుంది, భాగహారంలో హారం సున్నాకు చేరువవుతుంది, ఒక్క అడుగులో బంతి కాంతి వేగాన్ని కూడా దాటి విసిరేసినట్టు వెళ్లిపోతుంది.

శక్తి లెక్కలో కూడా ఒక మెలిక ఉంది. పైకెత్తడానికి పట్టే పని ‘ఎం జి హెచ్’ (ఎం అంటే వస్తువు ద్రవ్యరాశి) అనేది స్థిరమైన జికి మాత్రమే. అసలు విలువ ఎం × జి × హెచ్ × ఆర్ ÷ (ఆర్ + హెచ్). జరిగే పనికి సరిపోయే సగటు జి ఏదంటే, నేల మీది జి, పైన ఉన్న జి రెండింటి గుణమధ్యమం, అంటే రెంటినీ గుణించి తీసిన వర్గమూలం. రెంటినీ కూడి సగం చేస్తే సరిపోదు. దీన్నుంచి బంతి చేరే ఎత్తుకు తేలికైన సూత్రం వస్తుంది. ముందు వేగం వర్గాన్ని 2జితో భాగించి మామూలు ఎత్తు కట్టండి. దాన్ని (1 – మామూలు ఎత్తు/ఆర్)తో భాగించండి, అంతే. మామూలు ఎత్తు సరిగ్గా ఆర్‌కు సమానమైతే హారం సున్నా అవుతుంది, అంటే బంతి ఇక తిరిగి రాదు. పలాయన వేగం అక్కడే దొరుకుతుంది.

కొండ, గడియారం సంగతికి వద్దాం. లోలకం ఆవర్తన కాలం (ఒక పూర్తి ఊపుకు పట్టే సమయం) జి వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. కాబట్టి ఒక కి.మీ. ఎత్తుకు గడియారం రోజుకు 86,400 ÷ 6,371, అంటే 13.6 సెకన్లు వెనకబడాలి. కానీ ఇది కింద ఏమీ లేకుండా గాలిలో వేలాడుతున్నట్టు కట్టిన లెక్క. మీరు నిలబడేది రాతి మీద, ఆ రాయి కూడా కిందికి లాగుతుంది. విశాలమైన పీఠభూమి అయితే మామూలు రాతి సాంద్రతకు ఆ రాయి తగ్గుదలలో మూడో వంతుకు పైగా పూడ్చేస్తుంది, 13.6 కాస్తా 9 సెకన్ల లోపుకు వస్తుంది. ఒంటరి శిఖరమైతే ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. 18వ శతాబ్దంలో ఆండీస్ పర్వతాల్లో లోలకాలు ఊపి ఈ తేడాను పట్టుకున్నది ఫ్రెంచ్ శాస్త్రవేత్త పియర్ బుగెర్. అందుకే రాతి ఆకర్షణ సవరణకు నేటికీ ఆయన పేరే వాడతారు. అంతకు ముందే 1672లో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్ రిషే పారిస్ నుంచి దక్షిణ అమెరికాలో మధ్యరేఖకు దగ్గరగా ఉన్న కయెన్‌కు గడియారం తీసుకెళ్తే రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. అయితే అది ఎత్తు వల్ల కాదు, అక్షాంశం వల్ల. భూమి తిరుగుతుండటం, ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉండటం వల్ల మధ్యరేఖ దగ్గర 9.780, ధ్రువం దగ్గర 9.832 ఉంటుంది. ఈ తేడా 17 కి.మీ. పైకెక్కడంతో సమానం. మీరు పోల్చే రెండు చోట్లూ ఉత్తర దక్షిణాలుగా దూరంగా ఉంటే ముందు దీన్ని తీసేయాలి.

గడియారాన్ని అసలు దెబ్బతీసేది ఊపు కోణం. సూత్రం చిన్న ఊపులకే కచ్చితం. 5 డిగ్రీల ఊపు దగ్గర గడియారం రోజుకు 41 సెకన్లు నెమ్మదిగా నడుస్తుంది, 4 డిగ్రీల దగ్గర 26. కింద 5 డిగ్రీలు ఊగిన లోలకం పైన 4 డిగ్రీలే ఊగితే 15 సెకన్లు ముందుకు పోతుంది. మీరు వెతుకుతున్న 13.6 మొత్తం దాంట్లో కలిసిపోతుంది! కొండ మీద చలికి ఉక్కు కడ్డీ కురచబడి డిగ్రీకి అర సెకను చొప్పున మళ్లీ ముందుకు పోతుంది. కాబట్టి కోణాన్ని రెండు చోట్లా ఒకేలా ఉంచి, ఉష్ణోగ్రత రాసుకుని, కనీసం ఒక పూర్తి రోజు నడిపితే తప్ప ఫలితాన్ని నమ్మకండి.

ఫోన్‌లోని త్వరణమాపకంతో ఈ కొలత కుదరదు. కావాలంటే బల్ల మీద ఫోన్‌ను ఒకసారి తెర పైకి, ఒకసారి తెర కిందికి పెట్టి జి చూడండి. చాలా ఫోన్లలో రెండు విలువలకూ మధ్యే నూరింట కొన్ని వంతుల మీ/సె² తేడా ఉంటుంది. కిలోమీటరు ఎత్తుకు వచ్చే మార్పు 0.003 మాత్రమే.

ఇంటికి అందుబాటులో లేకపోయినా ప్రయోగశాలలో దొరికే దానితో చక్కగా కుదురుతుంది: 200 గ్రాముల దాకా తూచి మిల్లీగ్రాము వరకు చూపే ఎలక్ట్రానిక్ త్రాసు, 200 గ్రాముల ఉక్కు తూకపు రాయి. గాలి మధ్యలో ఒక కి.మీ. ఎత్తుకు 63 మి.గ్రా. తగ్గాలి, పీఠభూమి మీద 40 చుట్టుపక్కల. కింద ఒకసారి క్యాలిబ్రేట్ చేశాక పైన మళ్లీ చేయకూడదు. తనంతట తానే క్యాలిబ్రేట్ చేసుకునే ఏర్పాటు ఉంటే ఆపేయండి, లేదంటే అది కొత్త జికి సర్దుకుని తేడాను మాయం చేస్తుంది. త్రాసును నీటిమట్టం బుడగతో సమంగా నిలిపి, గంటసేపు ఆన్‌లో ఉంచాకే తూకం తీయండి. రెండు చోట్లా గది ఉష్ణోగ్రత దగ్గరదగ్గరగా ఉండాలి. రాయిని వేళ్లతో ముట్టొద్దు, చిమ్టాతో పట్టుకోండి. పైన గాలి పలచబడి దాని ఉత్ప్లవనం (గాలి రాయిని పైకి నెట్టే బలం) తగ్గడం వల్ల రాయి దాదాపు 3 మి.గ్రా. ఎక్కువ తూగుతుంది, అది తీసేయండి. రెండు పళ్లేల త్రాసు మాత్రం తీసుకెళ్లకండి. అది రాయిని రాయితో పోలుస్తుంది, జి తగ్గితే రెండు వైపులా ఒకేలా తగ్గుతుంది, ముల్లు కదలదు.

ప్రోగ్రామ్ మార్చాక సరిచూసుకోవడానికి ఈ అంకెలు వాడండి, అన్నీ గాలి లేదనుకుని కట్టినవి. భూమి మీద నుంచి సెకనుకు 3 కి.మీ. వేగంతో విసిరితే 494 కి.మీ. రావాలి. 459 వస్తే జి ఇంకా స్థిరంగానే ఉంది. 498 వస్తే పాత ఉజ్జాయింపు ఎక్కడో మిగిలిపోయింది. చంద్రుడి మీద నుంచి సెకనుకు 1 కి.మీ. అయితే 374 కి.మీ. వ్యాసార్ధం 1,737.4గా పెట్టండి. ఎగురుతున్నంత సేపూ వేగం వర్గంలో సగం నుంచి మ్యూ/దూరం తీసేసిన విలువను ఒక మూల చూపించండి. అది మారకుండా ఉండాలి. మారుతుంటే కాలపు అడుగును సగం చేసి మళ్లీ నడపండి.